నడుస్తున్నాడుగా, ఇంకేం నష్టం?

రోడ్డు ప్రమాదంలో కాలు పోయినవాడు నష్టపరిహారం అడిగితే ఊళ్లో ఎవరూ తప్పు పట్టరు. తలకు దెబ్బ తగిలి, నెలో నెలన్నరో ఆస్పత్రిలో ఉండి, కాళ్లూ చేతులూ కుదురుగానే ఉండి ఇంటికొచ్చినవాడు కేసు వేస్తే మాత్రం మాట పడాల్సిందే. ‘‘నడుస్తున్నాడు, తింటున్నాడు, నలుగుర్నీ గుర్తుపడుతున్నాడు. ఇంకేం నష్టం? ప్రాణం దక్కింది, అది చాలదా? ఇన్సూరెన్స్ డబ్బుల ఆశ కాకపోతే!’’

ఇది రచ్చబండ మీది మాటే అయితే పట్టించుకోనక్కర్లేదు. కానీ ఇదే మాట వేషాలు మార్చుకుని అన్నిచోట్లా తిరుగుతోంది. డిశ్చార్జి సమ్మరీలో ‘కాన్షస్, కోహెరెంట్’ అనే రెండు ముక్కలుగా ఉంటుంది. వైకల్యం కొలిచే సదరం క్యాంపులో శాతంగా మారుతుంది. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో బీమా కంపెనీ వకీలు నోట ప్రశ్నగా వస్తుంది. ఆఖరికి బాధితుడి తరఫు పిటిషన్‌లోకి కూడా ఎక్కుతుంది: ‘తలకు తీవ్రగాయమైనది’ అనే ఒక్క వాక్యం దాటి అక్కడ ఇంకేమీ ఉండదు. వైద్యం ప్రకారం చూసినా, చట్టం ప్రకారం చూసినా, ఆ ఇంటి జమాఖర్చుల ప్రకారం చూసినా ఇది తప్పు మాట. తప్పు అని ఊరుకుంటే చాలదు, దీనివల్ల ఎవరికి ఎంత మిగులుతోందో కూడా తేల్చాలి.

ముందు దెబ్బ సంగతి. మెదడు పుర్రెలో బిగుసుకుని ఉండదు, ద్రవంలో తేలుతూ ఉంటుంది. బండి మీంచి పడ్డప్పుడు తల రోడ్డుకు కొట్టుకుని ఆగినా లోపల మెదడు ఆగదు. పుర్రె అడుగున, నుదుటి వెనకా కణతల వైపూ ఎముక గరుకుగా, అంచులు తేలి ఉంటుంది. ఎక్కువగా నలిగేది ఆ గరుకు మీదికి వచ్చి పడే భాగాలే. డాక్టర్లు ఫ్రంటల్ లోబ్, టెంపొరల్ లోబ్ అంటారు. కాళ్లూ చేతుల్నీ ఆడించే భాగం ఇంకాస్త పైనా వెనకా ఉంటుంది కాబట్టి చాలాసార్లు తప్పించుకుంటుంది. దెబ్బతినేవి వేరే పనులు: ఏది ముందు ఏది వెనక అని వరస వేసుకోవడం, కోపం ఆపుకోవడం, ఇప్పుడు విన్నదాన్ని గంట తర్వాత గుర్తుంచుకోవడం, రెండు పనులు ఒకేసారి చూసుకోవడం. ఇక తల గిర్రున తిరిగేలా తగిలిన దెబ్బల్లో మెదడులోని నరాల పోగులే సన్నసన్నగా తెగిపోతాయి. సీటీ స్కాన్‌లో ఇది తరచూ కనపడనే కనపడదు. రిపోర్టు నార్మల్ అని వస్తుంది. మనిషి మాత్రం పాత మనిషి కాడు.

ముప్పయ్ రెండేళ్ల తాపీమేస్త్రిని ఊహించుకోండి. ప్రమాదం అయ్యాక ఆరో నెల. చెయ్యి తిరుగుతుంది, తాపీ పట్టుకుంటాడు, ఇటుక పేరుస్తాడు. పొద్దున్నుంచి చూస్తే లోపం కనపడదు. కాంట్రాక్టరు వచ్చి, ‘‘ముందు వెనక గోడ లేపు, కిటికీ దగ్గర మూడు వరసలు ఆపు, మధ్యాహ్నం ఎలక్ట్రీషియన్ వస్తాడు, పైపులకు గాడి వదులు’’ అని చెప్పి వెళ్తాడు. మేస్త్రికి మొదటి మాట గుర్తుంటుంది. కిటికీ దగ్గర ఆపాల్సిన గోడ లింటెల్ దాకా వెళ్లిపోతుంది. రసమట్టం పెట్టి చూసి, ఎవరో పిలిస్తే తిరిగి, మళ్లీ వచ్చి అదే చోట మళ్లీ పెడతాడు. మిక్సర్ చప్పుడుకు తల పగిలిపోతుంది. సిమెంటు ఎన్ని బస్తాలు తెప్పించాలో లెక్క తెగదు. మాలు కలిపే కుర్రాడు నవ్వాడని చెంప మీద కొడతాడు. కాంట్రాక్టరు రెండు సైట్ల దాకా ఓపిక పడతాడు, మూడో సైటుకు పిలవడు. అప్పటిదాకా పదిమందికి పని చెప్పినవాడు ఇటుకలు మోసే కూలీగా వెళ్తాడు. పరంజా ఎక్కితే తల తిరుగుతుంది కాబట్టి అదీ ఎన్నాళ్లో సాగదు. ఈ మనిషి నడుస్తున్నాడు, తింటున్నాడు, నలుగుర్నీ గుర్తుపడుతున్నాడు.

ఇంకొకటి, బయట ఎవరికీ నష్టంగానే తోచనిది. ముక్కు పైన ఉండే పలుచటి ఎముకలో సన్నటి రంధ్రాలుంటాయి. వాసన నరాలు వాటిగుండా పైకి వెళ్తాయి. తలకు గట్టి దెబ్బ తగిలినప్పుడు అవి తెగిపోవచ్చు. కర్రీ పాయింట్ నడిపే ఆవిడకు అలా జరిగితే తాలింపు మాడుతున్నది తెలీదు, నిన్నటి పప్పు పులిసింది తెలీదు, గ్యాస్ లీకైనా తెలీదు. సాంబారు వాసనను బట్టి చింతపండు సరిచేసే మనిషి రోజూ ఇంకొకరిని పిలిచి వాసన చూడమని అడుగుతుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను పేరుపెట్టి గుర్తించింది. అందులో వాసన లేదు. మాట వరసకు చెబుతున్నది కాదు, తలకు తగిలిన గాయం వల్ల వచ్చే వైకల్యానికే ఆ జాబితాలో విడిగా పేరు లేదు. వచ్చిన లక్షణాన్ని బట్టి మానసిక వ్యాధిలోనో, చలన వైకల్యంలోనో ఇరికించాలి.

‘డాక్టర్లే బాగున్నాడని రాసిచ్చారు’ అనేవాళ్లకు డాక్టర్లు ఏం కొలిచారో చెప్పాలి. ఆస్పత్రి కాగితాల్లో జీసీఎస్ 15/15 అని కనిపించేది గ్లాస్గో కోమా స్కేల్. 1974లో గ్లాస్గోలో పనిచేసిన గ్రాహం టీస్‌డేల్, బ్రయన్ జెన్నెట్ అనే న్యూరోసర్జన్లు దాన్ని రూపొందించారు. కళ్లు తెరుస్తున్నాడా, మాటకు జవాబిస్తున్నాడా, చెప్పినట్టు కదులుతున్నాడా అన్న మూడిటికి మార్కులు. తక్కువలో తక్కువ 3, ఎక్కువలో ఎక్కువ 15. రోగి స్పృహ గంట గంటకూ తగ్గుతోందో పెరుగుతోందో నర్సు నుంచి సర్జన్ దాకా ఒకే భాషలో చెప్పుకోవడానికి అది అక్కరకొస్తుంది, ప్రాణాలు నిలుపుతుంది. పేరు, ఊరు, తేదీ చెబితే మాటకు పూర్తి మార్కులు పడతాయి. గోడ లేపగలడా, చిట్టా రాయగలడా, ఇరవైమంది పిల్లలున్న క్లాసును అదుపులో పెట్టగలడా అని అది అడగదు. అడగడానికి పుట్టలేదు. డిశ్చార్జి రోజు 15/15 అంటే ఐసీయూ అవసరం తీరిందని అర్థం. మన బీమా కంపెనీలు మాత్రం దాన్ని ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌లా చదువుతాయి.

చట్టం చూపులోనూ పాత మసక ఉంది. 1860 నాటి ఐపీసీ ‘తీవ్రగాయం’ అంటే ఏమిటో ఎనిమిది రకాలుగా జాబితా రాసింది. కన్ను పోవడం, చెవి పోవడం, అవయవం పోవడం, ముఖం వికృతం కావడం వగైరా. ఎముక గానీ పన్ను గానీ విరిగినా తీవ్రగాయమే. మెదడు పేరు ఎక్కడా లేదు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ఆ జాబితాను 116వ సెక్షన్‌లో దాదాపు అలాగే దింపుకుంది. చివరి అంశంలో 20 రోజుల తీవ్రబాధను 15 రోజులకు తగ్గించింది, అంతే. అంటే పన్ను విరిగితే వూండ్ సర్టిఫికెట్‌లో ‘గ్రీవియస్’ అని నిస్సందేహంగా పడుతుంది. పుర్రె పగలకుండా లోపల మెదడు కదిలిపోయినవాడి దగ్గర డ్యూటీ డాక్టరు ఆలోచనలో పడతాడు, ‘సింపుల్’ అని గీసేసే వీలూ ఉంది. ఆ ఒక్క మాట మీద డబ్బు ఆధారపడి ఉంది. తప్పెవరిదో తేల్చకుండానే ఇచ్చే పరిహారం, సవరించిన మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్ కింద, మరణానికి 5 లక్షలు, తీవ్రగాయానికి రెండున్నర లక్షలు. గుద్ది పారిపోయిన కేసుల్లో తీవ్రగాయానికి 50 వేలు. ‘సింపుల్’కు ఈ రెండు దారులూ మూతపడినట్టే.

ఇక అసలు తగాదా శాతం దగ్గర. మన రెండు రాష్ట్రాల్లోనూ వైకల్యం అనగానే సదరం సర్టిఫికెట్టే గుర్తొస్తుంది. పింఛనుకు, బస్ పాస్‌కు ఏళ్ల తరబడి అదే ఆధారంగా ఉంటూ వచ్చింది కాబట్టి జనం మనసులో అది దేవుడు రాసిన రాత అయి కూచుంది. ‘సదరంలో ఇరవై శాతమే వచ్చింది, కాబట్టి నష్టం ఇరవై శాతమే’ అని వకీళ్లూ అంటారు, కొన్ని ట్రిబ్యునళ్లూ అదే రాస్తాయి. ఈ వాదన సుప్రీంకోర్టు ఏనాడో తోసిపుచ్చినది. 2010 అక్టోబరులో జస్టిస్ ఆర్.వి.రవీంద్రన్ రాసిన తీర్పు మోటారు ప్రమాదాల కేసులు చూసే ప్రతి వకీలుకూ తెలుసు. శరీరానికి వచ్చిన వైకల్యం వేరు, సంపాదించే శక్తికి వచ్చిన నష్టం వేరు అని అందులో స్పష్టంగా ఉంది. ఎడమ చెయ్యి తెగిపోతే వైకల్యం 60 శాతం చుట్టూ లెక్కకు రావచ్చు. డ్రైవరుకో వడ్రంగికో అయితే సంపాదన నష్టం దాదాపు నూటికి నూరు. ప్రభుత్వాఫీసులో గుమాస్తాకు ఉద్యోగమే పోకపోవచ్చు. ప్రమాదానికి ముందు ఏం చేసేవాడు, ఇప్పుడేం చేయగలడు, ఏం చేయలేడు అని ట్రిబ్యునల్ విచారించి తేల్చుకోవాలి. వైద్యం చేయని డాక్టర్లు చేతికొచ్చినట్టు ఇచ్చే శాతం కాగితాల్ని గుడ్డిగా నమ్మొద్దని కూడా అదే తీర్పు హెచ్చరించింది.

ఇది మన మేస్త్రికి ఎంత తేడా చేస్తుందో చూడండి. నెలకు 15 వేలు సంపాదన అనుకుందాం. 2017 అక్టోబరు 31న ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం చెప్పిన ప్రకారం, నలభై ఏళ్లలోపు సొంత పని చేసుకునేవాడికి మున్ముందు పెరిగే ఆదాయం కింద 40 శాతం కలపాలి. మరణించిన వాళ్ల విషయంలో చెప్పిన ఆ సూత్రం గాయాల కేసులకూ వర్తిస్తుందని తర్వాత 2020లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. నెలకు 21 వేలు, ఏడాదికి 2,52,000 అయింది. 31 నుంచి 35 ఏళ్ల వయసుకు సుప్రీంకోర్టు 2009 నాటి పట్టిక ప్రకారం గుణకం 16. పూర్తి సంపాదన పోతే 40,32,000. సదరం కాగితం చూసి 20 శాతం అంటే అతనికొచ్చేది 8,06,400. మేస్త్రి పని చేయలేడని, కూలి కూడా అంతంతమాత్రమేనని రుజువై 70 శాతం తేలితే 28,22,400. తేడా 20 లక్షల 16 వేలు. మందులు, మనిషి తోడు, బాధకు ఇచ్చేది ఇంకా లెక్కలోకే రాలేదు. ‘నడుస్తున్నాడుగా’ అన్న మాట ఖరీదు ఒక్క ఇంట్లో ఇరవై లక్షలు. ఆ ఇరవై లక్షలూ గాలికి పోవు. కంపెనీ ఖాతాలో మిగులుతాయి.

ట్రిబ్యునల్లో ఆ శాతం ఎలా జారిపోతుందో దగ్గర్నుంచి చూసినవాళ్లకు ఈ దృశ్యం కొత్త కాదు. పిటిషనర్ తరఫు మొదటి సాక్షిగా, అంటే పీడబ్ల్యూ-1గా, బాధితుడు బోనెక్కుతాడు. కంపెనీ వకీలు మర్యాదగా అడుగుతాడు. నీ పేరు? చెబుతాడు. ఏ ఊరు? చెబుతాడు. పిల్లలెందరు? ఇద్దరు. ఇవాళ కోర్టుకు ఎలా వచ్చావు? బస్సులో. ఎక్కడ దిగావు? కలెక్టరాఫీసు దగ్గర. ఒక్కడివే వచ్చావా? నా భార్య వచ్చింది సార్. అక్కడితో ఆ దారి వదిలేసి చివరి ప్రశ్న వేస్తాడు. నీకు ఏ లోపమూ లేదు, డబ్బు కోసం ఈ కేసు వేశావు, అవునా? కాదు సార్. ‘నాకు ఎటువంటి వైకల్యము లేదనుట నిజము కాదు’ అని డిపోజిషన్‌లో టైపవుతుంది. వాదనల రోజున ఆ కాగితమే చూపించి, ‘సాక్షి ప్రశ్నలన్నిటికీ చక్కగా జవాబిచ్చాడు, గమనించండి’ అంటాడు. గ్లాస్గో స్కేల్ అడిగినవే మళ్లీ అడిగారు, మళ్లీ 15/15 వచ్చింది. భార్య ఎందుకు కూడా వచ్చిందో ఎవరూ అడగలేదు. క్రితం నెల ఒక్కడే బయల్దేరి వేరే బస్సెక్కి ఎక్కడికో వెళ్లిపోతే ఊళ్లో ముగ్గురు వెళ్లి వెతికి తెచ్చారన్నది రికార్డులోకే ఎక్కలేదు.

ఎక్కించాల్సింది ఎవరు? ఇక్కడ కంపెనీని తిట్టి ఊరుకుంటే సగం నిజమే చెప్పినట్టు. బాధితుడి తరఫు వకీళ్లలో చాలామందికి తల దెబ్బ కేసు, కాలి దెబ్బ కేసు ఒకటే. అదే ఫారం, అవే పేరాలు, కాలు అన్నచోట తల అని మార్పు. భార్యను పీడబ్ల్యూ-2గా వేసి, ఫలానా పండగ రోజు ఏం జరిగింది, ఫలానా నెల ఎవరితో గొడవ పడ్డాడు, రాత్రి ఎన్నిసార్లు లేస్తాడు అని తేదీలతో చెప్పించాలి. పని మానిపించిన కాంట్రాక్టరును పిలవాలి. అన్నిటికన్నా ముందు, క్లినికల్ సైకాలజిస్టు దగ్గర న్యూరోసైకలాజికల్ పరీక్షలు చేయించాలి. జ్ఞాపకం, ఏకాగ్రత, పని వరస, మాట వేగం, అన్నీ గంటల తరబడి విడివిడిగా కొలిచి మార్కులిచ్చే పరీక్షలవి. బెంగళూరు నిమ్హాన్స్ మన దేశపు జనానికి తగ్గట్టు వీటిని ఒక వరసగా కూర్చింది కూడా. స్కాన్‌లో కనపడని నష్టం ఆ కాగితం మీద అంకెల్లో కనపడుతుంది. వైద్యం చేసిన న్యూరోసర్జన్‌ను గానీ ఆ సైకాలజిస్టును గానీ సాక్షిగా పిలిస్తే కంపెనీ వకీలు ‘పిల్లలెందరు’ దగ్గర ఆగిపోలేడు.

దీనికి అడ్డం ఇంట్లోనే ఉంది. సైకాలజిస్టు అనగానే ‘ఎర్రగడ్డ పిచ్చాసుపత్రికా?’ అంటారు. మతిమరుపు, కోపం, అడ్డూ అదుపూ లేకుండా డబ్బు ఖర్చుపెట్టడం, ఆడవాళ్ల ముందు అనకూడని మాట అనెయ్యడం ఇవన్నీ మెదడుకు తగిలిన దెబ్బ లక్షణాలు. ఇంట్లోవాళ్లు మాత్రం వీటిని దాచుకుంటారు. బయటపడితే పిచ్చి అంటారు, కూతురి సంబంధం చెడిపోతుంది. కేసుకు ప్రాణం ఏ సాక్ష్యమో సరిగ్గా దాన్నే పరువు కోసం మింగేస్తారు. కోర్టులో ‘అప్పుడప్పుడు తలనొప్పి వస్తుందండీ’ అని చెప్పి వచ్చేస్తారు. తలనొప్పికి ఎవరు ఇరవై లక్షలిస్తారు? సమాజం ముందు పిచ్చి అని వెక్కిరించి, ఆ భయంతో వాళ్లు నోరు మూసుకుంటే, ఏ లోపమూ లేదు కాబట్టి ఆశపోతులు అని మళ్లీ అదే సమాజం తేల్చడం, ఇంతకన్నా దుర్మార్గం ఇంకేముంది?

ఆశ అన్నారు కాబట్టి ఆ సంగతీ చూద్దాం. థర్డ్ పార్టీ బీమా లేకుండా బండి రోడ్డెక్కకూడదని మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ శాసిస్తోంది. స్కూటీ కొన్న కాలేజీ పిల్ల దగ్గర్నుంచి లారీ ఓనరు దాకా అందరూ ఆ ప్రీమియం కట్టాల్సిందే. ఎందుకు? తమ బండి గుద్దిన మూడోవాడి కోసం. ఆ మూడోవాడు నేడు ట్రిబ్యునల్ గుమ్మంలో నించుంటే బిచ్చగాణ్ని చూసినట్టు చూడ్డం ఏం న్యాయం? అతను కంపెనీ సొమ్ము అడగడం లేదు, అతని కోసమే వసూలు చేసి పెట్టిన సొమ్ము అడుగుతున్నాడు. దొంగ క్లెయిములు లేవా అంటే ఉన్నాయి. ఉత్తరప్రదేశ్‌లో ఇది ఎంత ముదిరిందంటే 2015లో అలహాబాద్ హైకోర్టు ప్రత్యేక దర్యాప్తు బృందాన్నే వేయించింది. దొంగల్ని పట్టుకోవడానికి పోలీసులున్నారు. కొందరు దొంగ రేషన్ కార్డులు చేయించారని ఊరందరి బియ్యం ఆపుతామా? పైగా, ఐసీయూలో పడి ఉన్న రోజుల కేస్ షీటును దొంగగా పుట్టించడం కాలి కట్టు పుట్టించినంత తేలిక కాదు.

‘హెల్మెట్ పెట్టుకోలేదు, అతనిదే తప్పు’ అనేది కాస్త బరువున్న వాదన. నిజాయితీగా జవాబు చెప్పాలి. ఒక్క 2022లోనే హెల్మెట్ లేక దేశంలో 50,029 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. పెట్టుకోకపోవడాన్ని సమర్థించేది ఏమీ లేదు. కానీ రాంగ్ రూట్లో వచ్చిన ట్రాక్టరు గుద్దింది హెల్మెట్ లేనందుకు కాదు. 2020 జనవరిలో, బండి మీద ముగ్గురెక్కిన కేసులో, సుప్రీంకోర్టు ఈ ముడి విప్పింది. రూలు తప్పినంత మాత్రాన ప్రమాదంలో బాధితుడికీ వాటా ఉన్నట్టు (కాంట్రిబ్యూటరీ నెగ్లిజెన్స్) అయిపోదు. ఆ తప్పుకు ప్రమాదంతోనో, తగిలిన దెబ్బ తీవ్రతతోనో సంబంధం ఉందని రుజువు కావాలి. తల దెబ్బలో హెల్మెట్‌కు ఆ సంబంధం ఉందని కంపెనీ వాదించవచ్చు, రుజువు చేస్తే పరిహారంలో కొంత కోత పడవచ్చు. పడనివ్వండి. కొంత కోత వేరు, ‘నీకు అడిగే హక్కే లేదు’ అని ఇంటికి పంపించడం వేరు. ఊళ్లో వినపడేది రెండోదే.

గృహిణుల విషయంలో ఇంకా అన్యాయం. ‘ఆవిడకు సంపాదనేముంది, నష్టపోవడానికి?’ 2021 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చిన ఒక ప్రమాదం కేసులో మన ఉమ్మడి కృష్ణా జిల్లా పొన్నవరం నుంచి వెళ్లిన జస్టిస్ ఎన్.వి.రమణ దీనికి విడిగా తీర్పు రాసి మరీ జవాబిచ్చారు. ఇంట్లో జీతం లేని చాకిరీకి ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారన్న 2019 నాటి ప్రభుత్వ సర్వేను ఆయన ఉదహరించారు. ఆ పనికి విలువ కట్టడం న్యాయస్థానాల బాధ్యత అన్నారు. తల దెబ్బ తిన్న ఇల్లాలు రెండు పొయ్యిల మీద రెండు వంటలు చూసుకోలేకపోతే, పిల్లాడికి మందు ఇచ్చానో లేదో గుర్తులేక రెండోసారి ఇచ్చేస్తే, ఆ ఇంటికి పోయింది ఏమిటో ఇంటికి కొత్తగా పనిమనిషిని పెట్టుకున్న రోజున లెక్క తెలుస్తుంది.

పరిహారం అంటే జీతం నష్టం ఒక్కటే కాదనడానికి 2020 ఫిబ్రవరి నాటి మరో తీర్పు చూడాలి. 2007లో ట్రాక్టరును లారీ గుద్దిన ప్రమాదంలో 12 ఏళ్ల పాపకు తల దెబ్బ తగిలింది. తొమ్మిది నెలల పసిబిడ్డ స్థాయి మనసుతో జీవితాంతం మంచానికి పరిమితమైంది. ట్రిబ్యునల్ ఇచ్చింది 11 లక్షల 8 వేల చిల్లర. హైకోర్టు దాన్ని 25 లక్షల 78 వేలకు పెంచింది. సుప్రీంకోర్టు 62 లక్షల 27 వేలు ఇచ్చింది. అందులో పెద్ద పద్దు 21 లక్షల 60 వేలు, రాత్రీ పగలూ కనిపెట్టుకుని ఉండే ఇద్దరు మనుషుల కోసం, నెలకు పదివేల చొప్పున. తల్లి చేస్తుందిలే, ఖర్చేముంది అని కోర్టు అనుకోలేదు. మన ఇళ్లలో తల దెబ్బ తిన్న మొగుడికి కాపలాగా పని మానేసి కూచున్న భార్యల కూలి ఎన్ని పిటిషన్లలో అడుగుతున్నారు?

అదే కేసు ఎదుటివాళ్ల చేతికి ఒక అస్త్రం కూడా ఇస్తుంది. 2007లో ప్రమాదం, 2020లో తీర్పు. ‘కోర్టుల చుట్టూ పదేళ్లు ఎవడు తిరుగుతాడు? పెద్దమనుషుల్లో పెట్టి యాభై వేలో లక్షో పుచ్చుకుంటే నయం కదా?’ ఆలస్యం నిజం. దాన్ని కాదనే ధైర్యం ఎవరికీ లేదు. కానీ రాజీ ఎప్పుడు జరుగుతుందో గమనించండి. మొదటి నెలలో, మనిషి ఇంకా ఆస్పత్రిలో ఉండగానో కుట్లు మానకుండానో. తల దెబ్బలో ఏం మిగిలింది ఏం పోయింది అన్నది అప్పటికి సర్జన్‌కే తెలియదు. కొందరికి మూర్ఛలు నెలల తర్వాత, ఏళ్ల తర్వాత మొదలవుతాయి. సరుకు చూడకుండా ధర ఖాయం చేసుకునేది ఏ బేరం? ఎదుటివాడికి మాత్రం తెలుసు, ఇవాళ లక్షతో పోయేది రేపు పాతిక లక్షలవుతుందని. ఆలస్యానికి చట్టంలో కొంత విరుగుడూ ఉంది. పిటిషన్ వేసిన నాటి నుంచి వడ్డీ వేసే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది. 2022 నాటి నిబంధనల ప్రకారం పోలీసులు 48 గంటల్లో తొలి నివేదిక, 90 రోజుల్లో పూర్తి నివేదిక ట్రిబ్యునల్‌కు పంపాలి. స్టేషన్లో ఆ మాట ఎత్తి అడిగేవాళ్లు లేక అది కదలదు. లోక్ అదాలత్ మంచిదే, అయితే అక్కడ ఒప్పుకున్నాక అప్పీలు ఉండదు. పరీక్షల కాగితాలు చేతికి రాకముందు ఆ బల్ల ముందు కూచోవడం తొందరపాటు.

కాబట్టి తల దెబ్బ తిన్న మనిషి ఉన్న ఇంటివాళ్లకు చెప్పేది ఒకటే. రాజీ కాగితం మీద సంతకం ఇప్పుడే పెట్టకండి. డిశ్చార్జి సమ్మరీ, స్కాన్ ప్లేట్లు, మందుల బిల్లులు ఒక సంచిలో వేసి ఉంచండి. మనిషిలో వచ్చిన మార్పును ఏ రోజు ఏం జరిగిందో తేదీతో సహా పాత నోటుబుక్కులో రాయండి, పరువు గురించి తర్వాత ఆలోచించవచ్చు. మీరు ఉంటున్న జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు, ప్రమాదం జరిగిన ఊరికి తిరగనక్కర్లేదు. వచ్చినదాంట్లో ఇంత శాతం నాది అనే వకీలుకు, ఆ బేరం బార్ కౌన్సిల్ నిబంధనలకే విరుద్ధమని గుర్తుచేయండి. ఆడవాళ్లకూ పిల్లలకూ దళిత గిరిజనులకూ వికలాంగులకూ ఆదాయంతో పనిలేకుండా ప్రభుత్వమే వకీలును పెడుతుంది, జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో అడగాలి, ఫోను నంబరు 15100. శాతం తేలాక వేద్దామని పిటిషన్ ఆపకండి, సాక్ష్యం తర్వాత పెట్టుకోవచ్చు. 2022 ఏప్రిల్ 1 నుంచి పిటిషన్‌కు గడువు ఆరు నెలలు. దాని మీద సవాళ్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి గానీ వాటిని నమ్ముకుని కూచోవద్దు. ఆ ఆరు నెలలు లెక్కపెట్టేది డిశ్చార్జి రోజు నుంచి కాదు, ప్రమాదం జరిగిన రోజు నుంచి.